పేరు చెప్పని మృదంగం

యుద్ధం రోజుల్లో మా ఇంట్లో, మేం ఉప్పిట్టు అనే ఉప్మాకూ నా మృదంగానికీ రవ్వ దగ్గర పోటీ ఉండేది. మృదంగానికి ఎడమవైపు మూత మీద తడిపిన రవ్వ ముద్ద పెడితేనే గుమ్మనే నాదం వస్తుంది. వాయించడం అయిపోయాక దాన్ని గీకి పారెయ్యాలి. రేషను మీద వచ్చే కాస్త గోధుమ రవ్వలోంచి నేను రోజూ గుప్పెడు తీసుకుంటుంటే మా అమ్మకు ప్రాణం ఉసూరుమనేది.

"రాగిపిండి పెట్టుకోరాదా నాయనా, అదైతే ఇంట్లో కావాల్సినంత ఉండాది," అంది ఒకరోజు.

ఆమె మాట తీసెయ్యలేక పెట్టి చూశాను. పది నిమిషాల్లో ఎండిపోయి, పగిలి, నా ఒళ్ళో రాలింది. ఆ పొడి మా అమ్మే ఊడ్చి ఎత్తింది. మర్నాటి నుంచి తన పళ్ళెంలో ఉప్పిట్టు తగ్గించుకుంది.

మాది కాటన్‌పేటలో నూలు, జరీ అమ్మే ఇల్లు. తాతల కాలంలో హిందూపురం వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డాం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, అంగడిలో రెండూ. అంగడి మా అన్న చూసుకునేవాడు. నేను ఒక బట్టల మిల్లులో గుమాస్తాను. పొద్దున మిల్లు కూత వినపడక ముందు ఒక గంట, సాయంత్రం వచ్చాక రెండు గంటలు మృదంగం.

నాకు నేర్పిన గురువుగారిని అయ్యవారు అని పిలిచేవాణ్ణి. చిక్కపేట వెనక సందులో, ఒక బట్టల గోదాము మీది మేడగదిలో ఉండేవారు. చిత్తూరు జిల్లా మనిషి. భార్య పోయింది, పిల్లలు లేరు. కింద కూలీలు తోపుడు బండ్ల మీంచి బేళ్ళు దించుతూ, ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ ఉంటే పైన మా పాఠం సాగేది. "ఈ రభసలో లయ తప్పకుండా వాయిస్తివంటే ఇంక యాడైనా వాయిస్తావు" అనేవారు. నా చేతిని తన చేత్తో పట్టుకుని, వేలు వేలుగా మూత మీద పెట్టి చూపించేవారు. ముఖ్యంగా ఎడమ చెయ్యి. కుడి చేత్తో ఎవడైనా మాటలు పలికిస్తాడు, ఎడమ చేతిలోనే మనిషి బయటపడతాడు అని ఆయన నమ్మకం.

ఆయనకు కొన్ని నియమాలు ఉండేవి. కడుపు నిండా తిని వాయించకూడదు. పాడేవాడి ముఖం చూడకుండా వాయించకూడదు. ఆడవాళ్ళకు వాయించకూడదు. మొదటి రెండింటికీ ఎప్పుడూ చెప్పిన కారణమే చెప్పేవారు. మూడోదానికి ఒక్కోసారి ఒక్కో కారణం. ఆడవాళ్ళ శృతికి చిన్న మృదంగం కావాలి, దాంతో చెయ్యి పాడవుతుంది అని ఒకసారి. ఆడవాళ్ళ పక్కన కూర్చున్నవాణ్ణి పెద్ద విద్వాంసులు పిలవరు అని ఇంకోసారి. ఆ రెండో మాట నిజమే. ఆ రోజుల్లో మా ఊళ్ళో పేరున్న మృదంగం వాళ్ళెవరూ ఆడవాళ్ళ పక్కన కూర్చునేవారు కాదు. ఆడవాళ్ళ కచేరీలే తక్కువ, వాటికి దొరికినవాణ్ణి తెచ్చుకునేవారు. నాకు అందులో తప్పేమీ కనపడలేదు. దాని గురించి ఆలోచించనే లేదు.

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు చిక్కపేట వర్తకులు శ్రీరామనవమికి వేసిన పందిట్లో ఒక కచేరీ దొరికింది. పాడవలసిన విద్వాంసుడు కాస్త పేరున్న మనిషి. ఆయన పక్కన వాయిస్తే నాకు నాలుగు పిలుపులు వస్తాయి. మిల్లు నుంచి ఇంటికి వచ్చి, స్నానం చేసి, మృదంగం తీసుకుని వెళ్ళాను. ఆయన శృతికి మృదంగం సరిచేసుకుని వేదిక మీద కూర్చున్నాను. జనం నిండారు. అప్పుడు పందిరి పెద్ద, ఒక చీరల వర్తకుడు, వంగి నా చెవిలో చెప్పాడు.

"ఆయనకు గొంతు పోయిందంటప్పా, రాలేదు. ఆడపిల్లల స్కూల్లో పాట చెప్పే ఆమెను పిలిపించినాం. స్వల్ప సర్దుకో."

నేను తలెత్తేసరికి ఆమె మెట్లెక్కి వస్తోంది. ముప్పై దాటిన మనిషి. ముదురు ఆకుపచ్చ చీర, చేతుల్లో తంబూరా. ఆమె తల్లి ఆడవాళ్ళు కూర్చున్న వైపు ముందు వరసలో చాప మీద కూర్చుంది. ఆ తల్లి గురించి ఊళ్ళో అందరికీ తెలుసు. కోలారు వైపు ఒక గుళ్ళో ఆడి పాడిన ఇంటి మనిషి. మైసూరు సంస్థానంలో గుళ్ళలో ఆ సేవ ఆపేశాక కూతుర్ని తీసుకుని బెంగళూరు వచ్చి, ఇళ్ళకు వెళ్ళి పిల్లలకు పాట నేర్పి బతికింది.

నేను మగవాళ్ళ వైపు చూశాను. అయ్యవారు ముందు వరసలోనే కూర్చుని ఉన్నారు. తల ఊపలేదు, చెయ్యెత్తలేదు. కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి.

పక్కన ఫిడేలు ముసలాయన నా అవస్థ కనిపెట్టాడు. "నాకు కండ్లు సరిగ్గా కనపడవులేప్పా. ఆడో మగో, శృతి ఇస్తే చాలు" అని విల్లుకు రాళం రుద్దుకున్నాడు. ఆమె కూర్చుని తంబూరా మీటింది. ఆమె గొంతు కొంచెం లోతైన గొంతు, రావలసిన విద్వాంసుడిది హెచ్చు గొంతు. ఇద్దరి శృతీ ఒకటే అయింది. అంటే మృదంగం శృతి కలవదని చెప్పుకోవడానికి కూడా నాకు వీలు లేకుండా పోయింది.

నేను మృదంగం ఒళ్ళోంచి దించి కింద పెట్టాను.

"ఏమప్పా?" అంది ఆమె మెల్లగా.

"అది కాదక్కా... మా అయ్యవారు..."

ఆమె ముందు వరసలోకి ఒకసారి చూసింది. అర్థం చేసుకోవడానికి అంతే పట్టింది. తర్వాత జనం వైపు తిరిగి చేతులు జోడించింది.

"మృదంగం అబ్బాయికి చెయ్యి బెణికి ఉండాది. ఈ పూట ఫిడేలుతోనే పాడతాను. మీరందరూ మన్నించాల."

నాకు దిగిపోవడానికి దారి ఇచ్చింది. నేను దిగిపోయాను. జనంలో ఎవరో "పాపం" అన్నారు. నా గురించే.

పందిరి గుడ్డ వెనక, చెప్పులు విడిచే చోట, మృదంగం భుజాన వేసుకుని నిలబడిపోయాను. ఆమె వర్ణం ఎత్తుకుంది. తొడ మీద తాళం వేసుకుంటూ ఎక్కడా తొందర పడకుండా, ఎక్కడా జారకుండా పాడింది. మూడు కృతులయ్యాక పెద్ద రాగం, దాని మీద పెద్ద కృతి. అది అయిపోయిన చోట మామూలుగా మృదంగం ఒక్కటే వాయించే వంతు వస్తుంది. అక్కడ ఏం చేస్తుందా అని చెవి రిక్కించాను.

ఆడవాళ్ళ వైపు ఏదో కదలిక. ఆ తల్లి వేదిక ఎక్కుతోందని ఎవరో అన్నారు. తర్వాత కంచు తాళాల చప్పుడు, దాని మీద ఒక ముసలి గొంతు. నోటితో జతులు చెబుతోంది. నాట్యానికి చెప్పే తకధిమి మాటలు. ఆ గొంతులో తియ్యదనం లేదు, ప్రతి అక్షరం మాత్రం మేకు కొట్టినట్టు పడుతోంది. చివర ఒక ముక్తాయింపు చెప్పింది. అంటే ఒకే అల్లికను మూడుసార్లు చెప్పి పాట ఎత్తుగడకు తెచ్చి కలపడం. మధ్య మధ్య ఆగుతుంటే ఊపిరి తీసుకుంటోందనుకున్నాను. చివరి మాటా కూతురి పాట మొదటి మాటా ఒక్కచోట పడ్డాయి. పందిరి లేచిపోయేటట్టు చప్పట్లు కొట్టారు.

మర్నాడు పాఠానికి వెళితే అయ్యవారు "బాగ చేసినావు" అన్నారు. ఆ నెలలోనే ఒక విద్వాంసుడికి నా గురించి చెప్పి, ఆయన పక్కన వాయించే అవకాశం ఇప్పించారు. నాకు సంతోషం కలగలేదని చెబితే అబద్ధం. కలిగింది. కానీ ఆ ముక్తాయింపు నన్ను వదల్లేదు.

జతులన్నీ జ్ఞాపకం ఉన్నాయి. కాగితం మీద రాసుకున్నాను. వాయిస్తే మాత్రం పాట ఎత్తుగడకు ముందే అయిపోయేది. ప్రతిసారీ తాళంలో ఆరు మాత్రలు తక్కువ. పది రోజులు తంటాలు పడ్డాను. మిల్లులో బల్ల మీద వేళ్ళతో కొట్టుకుంటుంటే పై గుమాస్తా కసిరాడు. చివరికి అయ్యవారినే అడిగాను.

"యాడ విన్నావు?" అన్నారు.

చెప్పాను.

"అది ఆటవాళ్ళ లెక్క. కచేరీకి పనికిరాదు," అని కిటికీ వైపు తిరిగారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆ తల్లీకూతుళ్ళ ఇంటికి వెళ్ళాను. చిక్కపేటకు దగ్గర్లోనే, రెండు గదుల పెంకుటిల్లు. క్షమాపణ చెప్పుకుందామని వెళ్ళానని రాస్తే బాగుంటుంది. కానీ నేను వెళ్ళింది ఆ ఆరు మాత్రల కోసం.

కూతురు తలుపు తీసింది.

"చెయ్యి బాగైందా?" అంది.

ఆమె పక్కకు తప్పుకుని లోపలికి దారి ఇచ్చింది. తల్లి గోడకు ఆనుకుని చిక్కుళ్ళు వలుస్తోంది. నేను కాగితం తీసి, వచ్చిన పని చెప్పాను. ఆమె కాగితం వైపు చూడలేదు.

"చెప్పు, విందాం," అంది.

చెప్పాను. విని నవ్వింది.

"మాటలన్నీ సరిగ్గానే పట్టినావు నాయనా. ఆట్లో కాలు గాల్లో ఉండే చోటు ఒకటి ఉంటాది. మొదటిసారి మూడు మాత్రలు కాలు గాల్లో. రెండోసారి రెండు. మూడోసారి ఒకటి. నువ్వు నేలమీద పడిన కాలే లెక్కపెట్టినావు."

ఊపిరి తీసుకోవడం అనుకున్నది అదన్నమాట. అక్కడే కూర్చుని, తొడ మీద వేళ్ళతో వేశాను. సరిగ్గా వచ్చి పడింది. ఇంకా ఏమేమి ఉన్నాయో చెప్పమని అడిగాను. ఆశ నా ముఖంలో కనపడే ఉంటుంది.

"చెబుతాను. నాకేమీ ఇయ్యొద్దు. ఆదివారం నా కూతురు సాధనకు కూర్చుంటాది, నువ్వు వాయించు," అంది తల్లి.

నేను తటపటాయించాను. కూతురే మధ్యలో అందుకుంది. "తలుపు వేసుకొని కూర్చుందాంలేప్పా. ఎవురికీ తెలీదు."

అలా ఒప్పుకున్నాను. ఏడాదిన్నర పాటు ప్రతి ఆదివారం మధ్యాహ్నం మృదంగాన్ని పాత దుప్పట్లో చుట్టుకుని, నూలు మూట మోస్తున్నవాడిలా ఆ ఇంటికి వెళ్ళేవాణ్ణి. కాటన్‌పేట, చిక్కపేట మధ్య మూటతో నడిచేవాణ్ణి ఎవరూ తిరిగి చూడరు.

అక్కడ నేను నేర్చుకున్నది జతుల కంటే ఎక్కువ. ఆ తల్లి దగ్గర అభినయానికి పాడే తెలుగు పదాలు చాలా ఉండేవి. చాలా నిదానంగా నడిచే పాటలు. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఒక మనిషి వీధి దాటి పోవచ్చు. నేను ఆ ఖాళీలన్నీ చప్పుళ్ళతో నింపేవాణ్ణి. ఆమె చెయ్యెత్తి ఆపేది.

"పాటలో ఆమె ఇంకా ఆ మాట అనలేదు. నువ్వు అప్పుడే జవాబు చెబుతాండావు. కాచుకో."

కాచుకోవడం నేర్చుకోవడానికి నాకు మూడు నాలుగు నెలలు పట్టింది. చెయ్యి మూత మీద ఆనించి, వాయించకుండా, తాళం లోపలే నడుపుకుంటూ ఉండటం. ఒకరోజు ఒక పదంలో అలా తాళం రెండు ఆవర్తాలు తిరిగేదాకా ఊరుకుని ఒక్క దెబ్బ వేశాను. కూతురు పాడుతూనే నా వైపు తిరిగి చూసింది. ఆ చూపు కోసం మళ్ళీ వాయించాలనిపించింది. ఆమె మీద నాకు ఇంకో రకమైన భావం ఏదీ లేదు. ఇది ఎందుకు రాస్తున్నానంటే, తర్వాత చాలామంది అదే అనుకున్నారు.

యుద్ధం చివరికి వస్తున్న రోజుల్లో ఆమెకు మైసూరు రేడియోలో పాడమని పిలుపు వచ్చింది. ఫిడేలు ముసలాయన సరే అన్నాడు. మృదంగానికి నన్ను అడిగింది.

"రేడియోలో ఎవురూ చూడరు గదప్పా," అంది.

"పేరు చెబుతారు గదక్కా."

"చెప్పొద్దని అడుగుతాలే," అంది. ఆ గొంతులో వెటకారం లేదు. ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

మిల్లుకు సెలవు పెట్టి పొద్దుటి రైల్లో, తల్లితో కలిపి నలుగురం మైసూరు వెళ్ళాం. స్టూడియో ఒక పెద్ద బంగళాలో గది. కిటికీలకు మందపాటి తెరలు, నేల మీద జంపఖానా, గది మధ్యలో కర్ర మీద మైకు. ఎర్ర దీపం వెలిగితే దగ్గకూడదని చెప్పారు. ప్రకటన చేసే ఆయన పాడే ఆమె పేరు చదివాడు, ఫిడేలు పేరు చదివాడు, మృదంగం దగ్గర ఏమీ చదవకుండా కాగితం దించాడు. నా పేరు రాసి కొట్టేసిన గీత నాకు కూర్చున్న చోటికి కనపడింది.

బాగా వాయించాను. నేను అంతవరకూ వాయించినవాటిలో అదే బాగా వాయించింది అనుకుంటాను. ఎదురుగా జనం లేరు, అయ్యవారు లేరు, ఆమె ముఖం మాత్రమే ఉంది. పెద్ద కృతి చివర ఆ తల్లి ముక్తాయింపు వేశాను, గాల్లో కాళ్ళతో సహా.

రెండు రోజుల తర్వాత పాఠానికి వెళ్ళాను. అయ్యవారు గోడవారగా కూర్చుని వక్క కత్తిరించుకుంటున్నారు.

"మొన్న కాఫీ హోటల్లో రేడియో విన్నాను," అన్నారు.

నేను మృదంగం మీది గుడ్డ విప్పబోయి ఆగాను.

"పాడినామె పేరు చెప్పినారు. ఫిడేలాయన పేరు చెప్పినారు. మృదంగం పేరు చెప్పలేదు. చెప్పే పని లేదులే. ఎడమ చెయ్యి నాది." అడకత్తెర కింద పెట్టారు. "ఎన్నాళ్ళ నుంచీ?"

"ఏడాదిన్నర అయ్యవారూ. ఆదివారాలు."

"చివర్న వేసిన ముక్తాయింపు నేను చెప్పింది కాదు."

"వాళ్ళమ్మది."

ఆయన దాన్ని తొడ మీద వేళ్ళతో వేసి చూశారు. ఒకచోట ఆగారు. మళ్ళీ వేశారు. మూడోసారికి సరిగ్గా పడింది. నాకు పది రోజులు అందకుండా పోయినదాన్ని ఆయన ఒక్కసారి రేడియోలో విని పట్టుకున్నారు.

"బాగుండాది," అన్నారు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. ఆయన గొంతు పెంచకుండానే చెప్పారు. "నా మాట కాదని వాయించాలంటే వాయించు. పేరు పెట్టుకొని వాయించు. నేను అడ్డం రాను, తిడతాను, అంతే. నా చెయ్యి తీసుకపోయి, పేరు దాచుకొని వాయిస్తివి చూడు, అది నాకు కుదరదు. రేపట్నించి రావద్దు."

నాకు భయం వేసింది. "ఇంక వాయించను అయ్యవారూ, ఒట్టు," అన్నాను.

ఆ మాటతో ఆయనకు నిజంగా కోపం వచ్చింది. "ఆమె కావాల్నా, నేను కావాల్నా అని నేనడిగినానా? ఏడేండ్లు చెప్పినాను, నిన్ను నేను తయారు చేసింది ఇట్ల పలకడానికా? పో."

కింద కూలీలు ఎప్పటిలాగే అరుచుకుంటున్నారు. నేను మృదంగం ఎత్తుకుని వాళ్ళ మధ్యలోంచి బయటికి వచ్చాను. దుప్పట్లో చుట్టలేదు.

ఆదివారం వెళ్ళి తల్లీకూతుళ్ళకు జరిగింది చెప్పాను. వాళ్ళు జాలి పడతారనుకున్నాను.

"మీ అయ్యవారు చెప్పింది సరే గదప్పా," అంది కూతురు. "ఆ పొద్దు పందిట్లో నేను చెయ్యి బెణికిందని చెప్పినాను. మొన్న నీ పేరు వద్దని చెప్పినాను. రెండుసార్లు నీకోసం అబద్ధం ఆడినాను. మూడోసారి ఆడను. కోలారులో వచ్చే నెల కచేరీ ఉండాది. నీ పేరు అచ్చు వేయించమంటావా, వద్దంటావా? ఇప్పుడే చెప్పు."

"వేయించండక్కా," అన్నాను. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను.

కోలారు కరపత్రంలో ఆమె పేరు పెద్ద అక్షరాల్లో, నాది అడుగున చిన్న అక్షరాల్లో వచ్చింది. ఒకటి ఇంటికి తెచ్చాను. మా అన్న చదివి మడిచి బల్ల మీద పెట్టాడు.

"అంగట్లో అడుగుతాండారు. పాటకత్తె వెంట పోతాండాడా మీ తమ్ముడు అని. నేనేం చెప్పాల?"

"మృదంగం వాయించేదానికి పోతాండాడు అని చెప్పు," అంది మా అమ్మ లోపలి నుంచి. ఆమె ఆ విషయంలో నోరు విప్పింది అదొక్కసారే. కోలారుకు నాతో పాటు తనూ వచ్చింది. ఆడవాళ్ళ వైపు కూర్చుని కచేరీ మొత్తం విన్నది. నేను బయట వాయించగా ఆమె వినడం అదే మొదలు. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో, "ఇంట్లో వాయించేటప్పుడు అంత గోల చేస్తావు. ఆడ అంత మెత్తగా ఎట్ల వాయించినావు?" అని అడిగింది. కాచుకోవడం గురించి చెప్పబోయాను. ఆమెకు అప్పటికే కునుకు పట్టింది.

తర్వాత మూడేళ్ళు ఆమెకు వాయించాను. కోలారు, హిందూపురం, తుమకూరు, బెంగళూరులో గుళ్ళు, పెళ్ళిళ్ళు. అయ్యవారు హెచ్చరించినట్టే జరిగింది. నాకు పిలుపులిచ్చే మగ విద్వాంసులు ఒక్కొక్కరే ఇంకొకరిని చూసుకున్నారు. ఎవరూ గొడవ పడలేదు. "ఈసారికి వేరే ఆయన ఒప్పుకున్నాడప్పా" అని కబురు పంపేవారు. ఆ వేరే ఆయన నాకంటే తక్కువ వాయించేవాడైతే రెండు రోజులు బాధగా ఉండేది, నాకంటే బాగా వాయించేవాడైతే వారం రోజులు. మిల్లు ఉద్యోగం మానేసి మృదంగం మీదే బతకాలని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. ఆ ఆలోచన ఎప్పుడు మానేశానో నాకు గుర్తు లేదు. మిల్లులో పై గుమాస్తాను అయ్యాను.

స్వాతంత్ర్యం రావడానికి ముందు వేసవిలో ఆ తల్లి పోయింది. వారం రోజులు జ్వరం, అంతే. పోయిన మూడో రోజు పొద్దున నేను ఆ ఇంట్లో ఉండగా మెట్ల దగ్గర ఎవరో దగ్గారు. అయ్యవారు. కండువా చేతిలో పట్టుకుని బయటే నిలబడ్డారు, లోపలికి రాలేదు. కూతురు బయటికి వెళ్ళింది.

"అమ్మగారి జతులు ఎవురన్నా రాసి పెట్టుకొన్నారామ్మా?" అని అడిగారు.

"ఈ అబ్బాయి దగ్గర ఉండాయి. అన్నీ రాసినాడు."

ఆయన నా వైపు చూశారు. "చెదలు పట్టకుండా చూసుకో," అన్నారు. వెళ్ళిపోయారు.

అది నాకు మళ్ళీ రమ్మనడమా కాదా అని చాలా రోజులు ఆలోచించాను. ఆయన పిలవలేదు, నేను వెళ్ళలేదు. వెళ్ళి ఉండవలసింది. ఇంకో రెండేళ్ళకు ఆయన ఆ మేడగది ఖాళీ చేసి చిత్తూరు వైపు బంధువుల దగ్గరికి వెళ్ళిపోయారని, ఆ గదిలో ఇప్పుడు దుప్పట్లు పెట్టారని చెబితే విన్నాను.

తల్లి పోయాక కూతురు కచేరీలు తగ్గించుకుంది. పాడలేక కాదు. ఒంటరి ఆడమనిషి ఊరూరా తిరిగి పాడాలంటే తోడు ఉండాలి, ఇప్పటిదాకా ఆ తోడు తల్లి. మైసూరులో ఆడపిల్లల కాలేజీలో సంగీతం చెప్పే ఉద్యోగం వస్తే ఒప్పుకుంది. పొద్దుటి రైలు ఎక్కించడానికి స్టేషనుకు వెళ్ళాను. ఆమె సామాను ఒక ట్రంకు పెట్టె, తంబూరా. తంబూరాను కిటికీ పక్కన నిలబెట్టి, పడకుండా చీర చెంగుతో కట్టింది.

"ఇంక ఎవురికి వాయిస్తావు?" అంది.

"ఎవురన్నా పిలిస్తే చూస్తానక్కా."

"పిలవరు. నీకు తెలుసు గదా, మగవాళ్ళు పిలవరు. ఆడవాళ్ళకు నిన్ను పిలవచ్చునని తెలీదు." కిటికీ చువ్వలు పట్టుకుని కాస్త ముందుకు వంగింది. "ఈ ఊళ్ళో తలుపులు వేసుకొని పాడుకొనేవాళ్ళు ఎంతమంది ఉండారో నాకు తెలుసు. స్కూల్లో నా దగ్గర నేర్చుకొన్న పిల్లలే ఉండారు, ఇప్పుడు పెండ్లిండ్లయి. నువ్వే పొయ్యి అడుగు."

నాలుగు ఇళ్ళ గుర్తులు చెప్పింది. రైలు కదిలింది. అక్కడే ఒక బెంచీ మీద కూర్చుని, మర్చిపోకముందే ఆ నాలుగూ మిల్లు కాగితం వెనక రాసుకున్నాను.

మృదంగం తీసుకుని ఆ ఇళ్ళకు వెళ్ళడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఏమని చెప్పాలో తెలియలేదు. మొదటి ఇంట్లో మామగారు వచ్చి, కాఫీ ఇచ్చి, మా కోడలు దేవుడి దగ్గర తప్ప పాడదప్పా అని మర్యాదగా పంపించారు. రెండో ఇంట్లో పాట నేర్చుకున్న ఆమే తలుపు తీసింది. చంటిపిల్లను చంకలో వేసుకుని ఉంది. నేను చెప్పినదంతా విని, లోపలికి వెళ్ళి, పిల్లను ఎవరికో ఇచ్చి, శృతిపెట్టె పట్టుకుని వచ్చి కూర్చుంది. ఏ రాగం వర్ణం వచ్చునని అడిగాను. కల్యాణి అంది. కుడివైపు మూత శృతికి తెచ్చుకోవడానికి పది నిమిషాలు పట్టింది. ఆమె అంతసేపూ ఓపిగ్గా శృతి పడుతూనే ఉంది.